గాజుతొట్టిలోని పగడములు - పాచిని అదుపు చేయు విధానము

తెలుగున 'పాచి' యనియు, తమిళమున 'పాసి' యనియు వ్యవహరింపబడునవి ఒకే కుదుటి మాటలు. ఈ రెండు భాషలును ఇండ్లలో వినవచ్చు రాజపాళయ ప్రాంతమున వీని యర్థమును ఎవరికిని వివరింపనక్కరలేదు. చెరువు మెట్లపై జారుడుగా పట్టునది పాచి; నీళ్ల కుండీ గోడలకు పచ్చగా అంటునది పాచి. తోమని పండ్లను పాచిపండ్లని తెలుగువారందురు. నిలువయుండి చెడిన కూడు పాచిపోయిన దందురు. కావున ఈ మాటలో ఆకుపచ్చదనముతో పాటు అశుభ్రత, అలక్ష్యము అను భావములును చేరియున్నవి. ఇంట సముద్రజలముతో గాజుతొట్టిని నెలకొల్పి పగడములను పెంచు గృహస్థుడు తన తొట్టిలో పాచి కనబడగానే మొదట సిగ్గుపడును, పిదప విసుగుచెందును, కట్టకడపట ఏదో యొక మందు తెచ్చి పోయును. పాచి చచ్చును, కొన్ని పగడములును దానితోడనే చచ్చును. నెల తిరుగకముందే పాచి మాత్రము మరల వచ్చును.

ఈ యనర్థమునకు మూలము పాచిని ఒక రోగముగా భావించుటయే. పాచి రోగము కాదు. తొట్టిలోనికి వచ్చిన పోషకములకును, అందుండి పోయిన పోషకములకును గల తేడాను కంటికి కనబడునట్లు చూపు లెక్క. ఆ లెక్కను సరిచేయక పాచిని చంపబూనుట నిష్ఫలము. అంతియకాదు, పాచిని సమూలముగా తొలగింపగోరుటయు తగదు. పాచికి తగిన చోటును నియమించి, ఆ చోటుననే దానిని పెరగనిచ్చుట నియంత్రణ విధానమునకు సారము.

పగడమునకును పాచికిని గల చుట్టరికము

పగడపు దిబ్బలు కట్టునది పగడపు పురుగు. అది జంతువే యైనను దాని దేహకణములయందు కంటికి కానరాని ఏకకణ శైవలములు నివసించుచుండును. వీనిని శాస్త్రజ్ఞులు జూక్సాంథెల్లాలని పిలుతురు. ఇవి సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసి, అందు అధికభాగమును తమకు ఆశ్రయమిచ్చిన పురుగునకు అందించును. పురుగు విసర్జించు నత్రజని, భాస్వర పదార్థములను ఇవి గ్రహించును. నీరు మిక్కిలి వేడెక్కినపుడు ఈ పొత్తు చెడి, శైవలములు వెలికిపోయి, పగడము తెల్లబారును. మన్నారు సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరములందు ఇట్టి తెల్లబారుట సంభవించినది. అనగా శైవలము లేని పగడము దీర్ఘకాలము బ్రతుకజాలదు. శత్రువని మనము తలచునదియు, ప్రాణాధారమని తెలియనిదియు దూరపు చుట్టములే.

పగడములు వర్ధిల్లు సముద్రజలమున పోషకములు అత్యల్పము. నీరు స్వచ్ఛముగా నుండుటకు కారణమిదే. పోషకములు తక్కువైన చోట పగడము లోపలి శైవలముతో పొత్తు పెట్టుకొని బ్రతుకును; బయటి పాచి ఆకలితో నుండును. మొలచిన కొలది పాచిని చేపలు, నత్తలు, సముద్రపు ముళ్లకాయలు నిరంతరము మేయుచుండును. ఆకలి, మేత అను ఈ రెండు కట్టుబాట్లే పగడపు దిబ్బను కాపాడుచున్నవి. ఇందేది సడలినను పాచి విజృంభించును.

దీనికి జమైకా ద్వీపము తార్కాణము. అచట మేత మేయు చేపలను మనుష్యులు చాలకాలముగా పట్టివేయుచుండగా, డయడీమా అను నల్లని ముళ్లకాయ యొక్కటియే ఆ పనిని నెరవేర్చుచుండెను. 1983-84 లో ఒక తెగులు సోకి ఆ ముళ్లకాయలు కరీబియను సముద్రమంతట నశించెను. 1970 దశకము చివర జమైకా దిబ్బలపై సగమునకు పైగా పరచుకొనియున్న సజీవ పగడములు, 1990 దశకారంభమునకు 5 శాతమునకు లోబడెను. 4 శాతమున్న పాచి 92 శాతమాయెను. టెరెన్సు హ్యూస్ 1994 లో సైన్స్ పత్రికయందు ఈ వృత్తాంతమును ప్రకటించెను. 1980 నాటి తుపానును అందులకు తోడైనదని ఆయన చూపెను.

సత్రపట్టి వారికి దగ్గరి నిదర్శనము మన్నారు సింధుశాఖయే. అచటి పగడపు దిబ్బలపై సహజముగా పెరుగు శైవలములను గూర్చి ఎం. ఉమామహేశ్వరరావు వ్రాసిన పరిశోధన వ్యాసము 1972 లో వెలువడిన ప్రవాళ సదస్సు సంపుటమున గలదు. అవి అచటి దిబ్బకు అలవాటైన సహవాసులు. కాని సాగుకొరకు పరదేశమునుండి తెచ్చిన కప్పాఫైకస్ అను ఎర్రజాతి శైవలము మండపము చేరువనున్న కురుసడి దీవి పగడములపైకి ప్రాకి, వానిని కప్పి చంపుచున్నదని 2008 లో కరెంట్ సైన్స్ పత్రికయందు పరిశోధకులు వెల్లడించిరి. శైవలము ఒక్కటే, తాళ్లకు కట్టిన సాగులో అది జీవనోపాధి, పగడముపై అది మృత్యువు. చోటు మారినంతనే గుణము మారినది.

గాజుతొట్టి చరిత్రలో పాచి

పాచి బెడద గాజుతొట్టితోడనే పుట్టినది. 1850 లో లండనునందు రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు చేపలను, ఒక నీటిమొక్కను తొట్టిలో నుంచి, జంతువును మొక్కయు పరస్పరము పోషించుకొనునా యని పరీక్షించెను. కొంతకాలమునకు కుళ్లిన ఆకులవలన నీరు చెడి, గాజునకు పచ్చని పొర పట్టెను. ఆయన మందేదియు పోయలేదు. అయిదారు నీటినత్తలను విడిచెను. నత్తలు కుళ్లును, పొరను తినివేసెను, నీరు తేటపడెను. పాచి నియంత్రణమున నేటికిని చెల్లు మొదటి పాఠమిది.

మన దేశమున, మద్రాసు ప్రదర్శనశాలకు అధికారిగా నుండి మన్నారు సింధుశాఖ జీవులను పరిశీలించిన ఎడ్గరు థర్స్టను సంకల్పముచే, 1909 లో చెన్నపట్టణపు సముద్రతీరమున ఒక జలచరశాల వెలసినది. అది చాలకాలము క్రిందటనే మూతపడినది. సజీవమైన పగడములను ఇంటి తొట్టిలో పెంచుటలో మార్గదర్శి జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. జీవరాసులతో నిండిన సముద్రపు రాతిని, గాలిబుడగలను మాత్రమే ఆధారముగా చేసికొని ఆయన నడపిన పద్ధతి 1961 లో పత్రికాముఖమున లోకమునకు తెలిసెను. తరువాత జర్మనీ దేశస్థులు ఆ రాతికి నురుగుతీయు సాధనమును, బలమైన దీపములను జోడించిరి. అమెరికాయందలి స్మిత్సోనియను సంస్థకు చెందిన వాల్టరు ఏడీ పాచినే పనివానిగా నియమించెను: వల వంటి పలకపై వెలుతురులో పాచిని పెంచి, దానిని గీకి పారవేయుటచే నీటిలోని పోషకములను తొలగించు విధానము ఆయనది.

పాచిని గుర్తించు విధము

'పాచి' యను ఒక్క పేరుతో పిలువబడునవి పెక్కు జాతులు. జాతి తెలియనిదే చికిత్స కుదరదు.

క్రొత్త తొట్టిలో మొదటి వారములందు ఇసుకపై పరచుకొను గోధుమవన్నె పొడి డయాటములు. వీని పెంకులు సిలికాతో నిర్మితములు. నీటిలో సిలికా తరిగినకొలది ఇవి తమంతట తగ్గును. కలతచెంద బనిలేదు.

ఎర్రగా, ఊదాగా జిగట దుప్పటివలె పరచుకొని, గొట్టముతో లాగినంత పొరపొరలుగా లేచివచ్చునది నిజమునకు శైవలము కాదు. సయనోబాక్టీరియ యను సూక్ష్మజీవి. నీటి కదలిక లేని మూలలందు, కుళ్లు నిలిచిన చోట్లను ఇది ప్రబలును. ఇందు కొన్ని జాతులు గాలినుండి వచ్చిన నత్రజనిని తామే వాడుకొనగలవు గావున నైట్రేటు తగ్గినంత మాత్రమున ఇవి తగ్గవు.

వెండ్రుకలవలె పచ్చగా పెరుగునవి డెర్బేసియ, క్లాడోఫోర మున్నగునవి. సాధారణముగా జనులు పాచి యని వాపోవునది వీనినే. ఈకవలె చీలిన కొమ్మలు గలది బ్రయాప్సిస్. దీనిని మేయు జంతువులు అరుదు. పచ్చని గాజుపూసవలె గుండ్రముగా నుండునది వాలోనియ. దానిని చిదుపక మొదలంట తీయవలెను.

జిగురుగా, గాలిబుడగలు చిక్కుకొన్న గోధుమరంగు తీగలుగా వ్రేలాడునవి డైనోఫ్లాజెల్లేటులు. కొన్ని జాతులు విషమును విడుచును; వానిని తిన్న నత్తలు చచ్చును. విచిత్రమేమన, పగడము లోపల నివసించు జూక్సాంథెల్లాలును ఈ వర్గమునకే చెందినవి.

రాతిపై గులాబివన్నెతో సున్నపు పూతవలె గట్టిగా అంటియుండు కొరల్లైను శైవలము మాత్రము మిత్రుడు. అది పరచుకొన్న చోట చెడ్డ పాచికి తావుండదు. దీనిని గీకివేయుట తెలియనివారు చేయు తప్పు.

పడుగు పేకలు

సత్రపట్టి బ్యాండేజి బట్ట నేతకు పేరొందిన ఊరు. పడుగు పేకలు రెండును లేనిదే బట్ట లేదని అచట పసిపిల్లకును తెలియును. పాచికి వెలుతురు పడుగు, పోషకములు పేక. పడుగును తీసివేసినచో పాచి నేత ఆగును. కాని పగడమునకును అదే వెలుతురు జీవాధారము. కావున దీపములార్పి దీర్ఘకాలము పాచితో పోరుటకు వీలులేదు. మిగిలినది పేకను కురుచచేయుట. పేక ఎచటనుండి వచ్చుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

మొదటిది నీరు. సముద్రము ఆ ప్రాంతమునకు రోడ్డు మార్గమున నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అందుచే ఇంటిలో ఉప్పుపొడిని మంచినీట కలిపి సముద్రజలమును సిద్ధపరచుకొనుట తప్పనిసరి. ఎరువులు వాడు పొలముల నడుమ గల బావులలో నైట్రేటు చేరుట సర్వసాధారణము. 200 లీటర్ల తొట్టిలో, వేసవియందు దినమునకు 3 లీటర్లు ఆవిరియగుననుకొందము. ఆవిరితో ఉప్పు పోదు, నైట్రేటును పోదు. ఆ లోటును లీటరునకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు గల బావినీటితో పూరించినచో దినమునకు 60, నెలకు 1800 మిల్లీగ్రాములు తొట్టిలో చేరును. అనగా నెలలోపల నీటి యందలి నైట్రేటు లీటరునకు 9 మిల్లీగ్రాములు పెరుగును. చేపకు ఒక్క మెతుకు వేయకపోయినను ఇది తప్పదు. ఉక్క తగ్గించుటకు నీటిపై విసనకర్ర యంత్రమును పెట్టినచో నీరు చల్లబడును గాని ఆవిరి మరింత హెచ్చును. పోయవలసిన నీరును హెచ్చును. వేడి ఊళ్లలో పాచి బెడద అధికమగుటకు ఇదియొక మూలము.

రెండవది ఆహారము. ఎండిన చేపల మేతలో సుమారు నూటికొకపాలు భాస్వరముండుననుకొన్నచో, దినమునకొక గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల భాస్వరము, అనగా సుమారు 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు ఉండును. అదంతయు 200 లీటర్లలో కరగినచో లీటరునకు 0.15 మిల్లీగ్రాము. తొట్టియందు ఉండదగిన ఫాస్ఫేటు 0.03 నుండి 0.1 మిల్లీగ్రాము వరకే. ఒక్కనాటి మేతయే హద్దును దాటగలదని దీనివలన స్పష్టము. సత్రములో అతిథులకు మించి వండినచో మిగిలిన కూడు ఈగల పాలగును. తొట్టిలో మిగిలిన మేత పాచి పాలగును.

మూడవది రాయి. ఫాస్ఫేటు సున్నపురాతికి అంటుకొను స్వభావము గలది. నీటిలో అది హెచ్చుగా నున్న దినములలో రాయి దానిని పీల్చి దాచును. నీరు శుభ్రపడిన పిదప మెల్లమెల్లగా విడుచును. నీరు బాగుపడినను రాతిపై పాచి నెలలకొలది పెరుగుచుండుటకు కారణమిదే.

ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. పాచి దట్టముగా నున్న తొట్టిలో నీటిని పరీక్షించినచో నైట్రేటు, ఫాస్ఫేటు శూన్యమని చూపవచ్చును. గృహస్థుడు నివ్వెరపడును. పోషకములు లేకపోలేదు, వచ్చినదానిని వచ్చినట్లు పాచి తినివేయుచున్నది. పరీక్ష చూపునది పెట్టెలో మిగిలిన సొమ్మునే గాని చేతులు మారిన సొమ్మును గాదు.

నియంత్రణ క్రమము

ఈ కారణములు తెలిసినపిమ్మట చేయవలసిన పనుల వరుస తానే ఏర్పడును.

మొదట నీటిని సరిచూడవలెను. ఇండ్లలో త్రాగునీటికి వాడు ఆర్.ఓ. యంత్రము లవణములలో అధికభాగమును తొలగించును గాని కొంత నైట్రేటును, సిలికాను విడిచిపెట్టును; పెక్కు యంత్రములు రుచికొరకు లవణములను మరల కలుపును. కావున లవణములు కలుపక ముందరి నీటిని పట్టి, అయాన్లను బంధించు రెసిను గుళికల గుండ పోనిచ్చి, టి.డి.ఎస్. కొలతలో సున్న వచ్చువరకు శుద్ధిచేసి వాడవలెను. ఉప్పు కలుపుటకును, ఆవిరిలోటు పూరించుటకును ఈ నీరే శ్రేయస్కరము.

రెండవది మితాహారము. చేపలు రెండు మూడు నిమిషములలో తినివేయునంతయే వేయవలెను. గడ్డకట్టిన మేతను కరగించిన నీటిని పారబోసి, మేతను మాత్రమే వేయుట మేలు. చేపల సంఖ్యయే అధికమైనచో ఏ యుపాయమును ఫలింపదు.

మూడవది వెలికిపంపుట. ప్రోటీన్ స్కిమ్మరు అను సాధనము సన్నని గాలిబుడగలకు అంటిన జిగట మలినమును నురుగుగా పైకి తెచ్చి, అది కుళ్లి నైట్రేటు కాకమునుపే తొలగించును. వడపోత గుడ్డ తేలు తుక్కును ఆపును. కాని దానిని రెండు మూడు దినములకొకసారి మార్చనిచో ఆపిన తుక్కు అందే కుళ్లి నీటిలో కలియును. చేతికందుబాటులో నున్నది గదాయని నూలు బ్యాండేజి బట్టను వడపోతకు వాడువారు దానిని బాగుగా ఉడికించి, జాడించి, ఒకటి రెండు దినములు మాత్రమే వాడి పారవేయవలెను. నూలు సముద్రజలమున నానినచో సూక్ష్మజీవులు దానినే తినివేయును. నీటిని మార్చుట ఉపయుక్తమే; కాని దాని శక్తిని లెక్కించి చూడవలెను. పదవవంతు నీటిని మార్చినచో లీటరునకు 40 మిల్లీగ్రాములున్న నైట్రేటు 36 అగును; అట్లు పదిమారులు మార్చినను సుమారు 14 వరకే దిగును. అదియు క్రొత్త నైట్రేటు చేరనప్పుడు. రాబడిని అరికట్టక నీరు మార్చుట చిల్లికుండ నింపుట వంటిది.

నాలుగవది పాచికి చోటు చూపుట. ప్రధానమైన తొట్టికి క్రింద గాని ప్రక్కను గాని చిన్న తొట్టి నమర్చి, అందు కీటోమార్ఫ, గ్రాసిలేరియ వంటి పెద్ద శైవలములను పెంచి, పెద్ద తొట్టిలో దీపములారిన రాత్రివేళ అందు దీపము వెలిగింపవలెను. ఆ శైవలములు పోషకములను పీల్చి ఏపుగా పెరుగును. వారమున కొకమారు పిడికెడు తీసివేసినచో ఆ పిడికెడులోని నత్రజని, భాస్వరము తొట్టిని విడిచినట్లే. తీసివేయకున్న ప్రయోజనము లేదు. పంట కోసినపుడే పొలమునుండి సారము పోవును.

అయిదవది మేత. వారింగ్టను నత్తల పాఠము నేటికిని చెల్లును. ట్రోకస్, టర్బో జాతుల నత్తలు గాజును, రాతిని మేయును. జీబ్రసోమ జాతి చేపలును, సలారియస్ అను చిన్నచేపయు వెండ్రుకపాచిని తినును. మిత్రాక్యులస్ అను పచ్చపీత వాలోనియను తినును. అయితే పొడవుగా పెరిగిన పాచిని నత్తలు తినజాలవు. ముందు చేతితో పెరికి కురుచచేసి, పిదప మేత జంతువులను విడువవలెను. జీబ్రసోమకు విశాలమైన తొట్టి కావలెను. చిన్న తొట్టిలో దానిని నిర్బంధించుట హింస.

ఆరవది చేతిపని. రాతిని తొట్టిలోని ఉప్పునీటి బకెట్టులో నుంచి, పండ్లు తోము బ్రష్షుతో రుద్ది, కడిగి మరల పెట్టవలెను. తొట్టిలోనే రుద్దినచో తునకలు చెదరి నలుమూలల మొలకెత్తును. నీటి కదలిక అన్ని మూలలకు అందునట్లు చూడవలెను. దీపములు దినమునకు 8 నుండి 10 గంటలు చాలును. వసారాలోని ఎండ నేరుగా తొట్టిపై పడకుండ చూచుకొనవలెను.

ఈ పనుల ఫలితము వారములలో గాక నెలలలో కనబడును. మొదటి నెలలో పాచి పెరుగుట నెమ్మదించును. రెండు మూడు నెలలకు పలుచబడును. ఖాళీయైన రాతిపై గులాబివన్నె కొరల్లైను పూత పరచుకొనుట ఆరోగ్యమునకు గుర్తు.

తొందరపాటువలన కీడు

మందులన్నియు నింద్యములని చెప్పరాదు. కాని వానిని ప్రయోగించువారు రెండు విషయములను మరువరాదు.

ఒకటి, చచ్చిన పాచి ఎచటికిని పోదు. అది తొట్టిలోనే కుళ్లి, ప్రాణవాయువును హరించి, తాను దాచిన పోషకములన్నిటిని నీటికి విడుచును. 2019 సెప్టెంబరులో మన్నారు సింధుశాఖలో నాక్టిల్యూక యను సూక్ష్మజీవి పచ్చగా ప్రబలి, నీటిలో ప్రాణవాయువు పడిపోగా, చేపలును పగడములును చచ్చెను. అంత సముద్రమునకే అట్టి గతి పట్టగా 200 లీటర్ల గాజుతొట్టి యెంత? మందు వాడక తప్పనిచో ముందు చేతితో సాధ్యమైనంత పాచిని తీసివేసి, గాలిబుడగలను హెచ్చించి, పిదప వాడవలెను. ఎర్రజిగటకు వాడు యాంటీబయాటిక్ మందులు నీటిని శుద్ధిచేయు మేలైన సూక్ష్మజీవులకును హాని చేయగలవు.

రెండు, పోషకములను శూన్యము చేయుట మేలు కాదు. ఇనుప ఆక్సైడు గుళికలను అధికముగా వాడి ఫాస్ఫేటును ఒక్కసారిగా పీల్చివేసినచో వెండ్రుకపాచి నశించును. దానితో పాటు పగడములు పాలిపోవును. పోటీ లేని ఆ ఖాళీ చోటున విషపు డైనోఫ్లాజెల్లేటులు ప్రవేశించును. ఒక బెడదను పోగొట్టి, అంతకంటె పెద్దదానిని పిలిచినట్లగును. నైట్రేటు లీటరునకు 2 నుండి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు పైన చెప్పిన హద్దులలో నుండుట యుక్తము. శూన్యము గాక మితమే లక్ష్యము.

చట్టము, సముద్రము

ఈ వ్యాసంగమునకు హద్దు గీయు మరొక విషయము గలదు. దిబ్బలు కట్టు పగడములన్నియు 2001 లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడినవి. సముద్రమునుండి వానిని గాని, వాని రాతిని గాని తెచ్చుట నేరము. ఒకప్పుడు సున్నపు బట్టీలకొరకు పగడపు రాతిని త్రవ్వితీయుటచే మన్నారు సింధుశాఖలోని రెండు చిన్న దీవులు నీట మునిగినవి. 1986 లో ఏర్పడిన అచటి సముద్ర జాతీయోద్యానమున 21 దీవులు లెక్కకు వచ్చినను నేడు రెండింటి పేర్లు మాత్రమే మిగిలినవి. కావున ఇంటి తొట్టికి సిమెంటుతో చేసిన రాతిని వారములకొలది నీట నానవేసి వాడుట, చట్టము నిషేధింపని జీవులను, అందును పెంపకమున పుట్టినవానినే కొనుట ధర్మము. హాస్యచేపలని పేరొందిన క్లౌన్ చేపలను పొదిగించి పెంచు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించియే యున్నది.

తొట్టినుండి తీసిన పాచిని ఎచట వేయవలెనను ప్రశ్న స్వల్పముగా తోచును. 1984 లో మొనాకో నగరపు సముద్ర ప్రదర్శనశాల గోడల క్రింద, అక్వేరియములలో పెంచు కాలెర్ప టాక్సిఫోలియ అను శైవలము కొద్దిచోట మొలచి కనబడెను. అదియే మధ్యధరా సముద్రమున వేల ఎకరములకు వ్యాపించెను. 2000 లో అదే శైవలము అమెరికాలో కాలిఫోర్నియా తీరపు ఉప్పుకయ్యలో కనబడగా, అచటివారు దానిని వెంటనే కప్పి చంపి, 2006 నాటికి నిర్మూలించిరి. ఆలస్యము చేసిన చోట సముద్రము పోయినది; తొందరపడిన చోట మిగిలినది. ఇచట తొందర తగినదే యని గమనింపవలెను: తొట్టిలో ఓర్పు, సముద్రముపట్ల జాగరూకత. సత్రపట్టి సముద్రమునకు దూరమే యైనను, తొట్టి నీటిని, పాచిని కాలువలో గాని చెరువులో గాని పారవేయరాదు. ఉప్పునీరు పొలమునకును చేటు. తీసిన పాచిని మంచినీట జాడించి, ఎండలో ఆరవేసి, మొక్కల మొదట ఎరువుగా వేసినచో చేపల మేతనుండి వచ్చిన భాస్వరము పూలచెట్టును చేరును. తొట్టిలో బెడదయైన పదార్థమే పెరటిలో సారమగును.

పగడము లోపల శైవలమున్నది. రాతిపై పూతగా నున్నది. ప్రక్కతొట్టిలో పంటగా నున్నది. ఈ మూడు చోట్లను అది మిత్రమే. పగడముపై దుప్పటి కప్పినపుడే శత్రువు. దానికి నియమిత స్థానమును చూపి, మితముగా పేక నందించి, పండిన దానిని ఎప్పటికప్పుడు కోయు గృహస్థుని తొట్టిలో మందుసీసాకు పని యుండదు. పాచి యను మాటలోని అలక్ష్యభావము అపుడు తొలగును. అది శుచి లేనితనమునకు గుర్తు కాదు; ఇల్లు నడుపువాని మితమునకు కొలత.